ఏడు వరసలా, ఏడు రోజులా? మూవింగ్ యావరేజ్‌కి పాండాస్ మేలా, ఎస్‌క్యూఎల్ మేలా

"మూవింగ్ యావరేజ్ పాండాస్‌లో తీయాలా, ఎస్‌క్యూఎల్‌లో తీయాలా?" నెలకు రెండుసార్లైనా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. మూవింగ్ యావరేజ్ అంటే ప్రతి రోజుకీ ఆ రోజుతో కలిపి వెనకటి కొన్ని రోజుల సగటు. పాండాస్ పైథాన్‌లో టేబుళ్ల లెక్కలు చేసే లైబ్రరీ, ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష. ఏది వేగంగా నడుస్తుందన్నదే అందులో సగం మంది సందేహం. నాలుగైదు మార్కెట్లకి పదేళ్ల రోజువారీ ధరలు తీసుకున్నా పది పదిహేను వేల వరసలకి మించవు. ఆ మాత్రం లెక్క ఏ పనిముట్టయినా రెప్పపాటులో తేలుస్తుంది. అందుకే వేగం సంగతి వదిలేస్తున్నాను.

నాకు అసలు తేడా తెలిసింది మిర్చి ధరల దగ్గర. గుంటూరు యార్డు తేజ రకం ధరలకి ఏడు రోజుల సగటు తీసి, గీత గీసి, మిర్చి వేసే మా బాబాయికి ఫోన్‌లో పంపాను. అప్పుడే వేసవి సెలవులు అయిపోయి యార్డు తెరిచారు. ఆయన చూసి, "తెరిచిన రోజు నుంచీ రేటు పైనే ఉంది కదరా, నీ గీతేంటి ఇంకా కిందే పాకుతోంది?" అన్నాడు. సగటు అంటే కాస్త నిదానంగానే కదులుతుంది బాబాయ్ అని సర్దిచెప్పాను. ఫోన్ పెట్టాక అనుమానం వచ్చి కోడ్ తెరిచి చూస్తే తప్పు నాదే.

పాండాస్‌లో నేను రాసింది రోలింగ్ 7. అది లెక్కపెట్టేది వరసల్ని, రోజుల్ని కాదు. యార్డు మూసిన రోజులకి టేబుల్‌లో వరసలే ఉండవు. కాబట్టి సెలవుల తర్వాత మొదటి వారమంతా నా "ఏడు రోజుల సగటు" సెలవులకు ముందు ధరల్ని మోస్తూనే ఉంది. లెక్క సులువుగా ఉండటానికి, మూసేముందు రోజూ 12,000, తెరిచాక రోజూ 14,000 అనుకోండి. తెరిచిన మూడో రోజున వరసల సగటు నాలుగు పాత ధరలు, మూడు కొత్త ధరలు కలిపి 12,857 చూపిస్తుంది. రోజుల సగటు 14,000 అంటుంది. బాబాయి చెప్పింది రెండోదే.

వేసవి దాకా కూడా అక్కర్లేదు. శని, ఆదివారాలు సెలవుండే మార్కెట్‌లో ఏడు వరసలంటే మామూలు వారంలోనే ఆ రోజుతో కలిపి 9 రోజులు వెనక్కి పోతుంది. సోమవారం నాడైతే 11 రోజులు. సంక్రాంతి వారం సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అలాగని వరసల లెక్క ఎప్పుడూ తప్పేం కాదు. షేర్లవాళ్లు 50 రోజుల సగటు, 200 రోజుల సగటు అన్నప్పుడు ఉద్దేశం ట్రేడింగ్ జరిగిన రోజులే. అక్కడ వరసలే కరెక్ట్. శ్రీశైలం నీటిమట్టంలాగా ఒక్క రోజూ తప్పకుండా నమోదయ్యేవాటికి ఎలా తీసినా ఒకటే. ఖాళీలున్న డేటాలోనే ఈ ప్రశ్న పుడుతుంది, మనకు దొరికే డేటా ఎక్కువగా అలాంటిదే.

పాండాస్‌లో దీనికి మందు చిన్నదే. 7 బదులు కొటేషన్లలో 7డి అని రాస్తే విండో, అంటే సగటులోకి తీసుకునే ముక్క, తేదీల మీద నడుస్తుంది. తేదీలు వరుసక్రమంలో లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అది మంచిదే. రోలింగ్ 7 అయితే చిందరవందరగా ఉన్న టేబుల్‌కి కూడా కిక్కురుమనకుండా సగటు తీసి ఇచ్చేస్తుంది.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. రోలింగ్ 7 రాస్తే మొదటి ఆరు వరసలూ ఖాళీగా వస్తాయి, ఎందుకంటే సగటు ఇవ్వడానికి కనీసం ఎన్ని ధరలుండాలో చెప్పే మిన్ పీరియడ్స్ దానంతటదే 7 అవుతుంది. 7డి రాస్తే అదే మిన్ పీరియడ్స్ 1 అయిపోతుంది. అంటే యార్డు తెరిచిన తొలి రోజు ఒక్క ధరే "ఏడు రోజుల సగటు" వేషం వేసుకుని వస్తుంది. మిన్ పీరియడ్స్ 3 అని మీరే రాసుకోండి. ఎస్‌క్యూఎల్‌కి ఈ సదుపాయం లేదు. విండోలో ఒక్క వరస ఉన్నా సగటు ఇచ్చేస్తుంది, అదే విండో మీద కౌంట్ కూడా తీసి, మూడుకి తక్కువైతే కేస్ అనే షరతు పెట్టి మనమే నల్ (ఖాళీ) చేయాలి. ఈ ఒక్క విషయంలో పాండాస్‌కే మార్కులు.

ఎస్‌క్యూఎల్‌లో వరసలకి రోస్ బిట్వీన్ 6 ప్రిసీడింగ్, తేదీలకి రేంజ్ బిట్వీన్ ఇంటర్వల్ 6 డేస్ ప్రిసీడింగ్. ఆరు ఎందుకంటే ఈ రోజు కూడా కలుస్తుంది కాబట్టి. పాండాస్ 7డి అలవాటులో ఇక్కడ కూడా 7 రాశారా, ఎనిమిది రోజుల సగటు వస్తుంది. నేను రాశాను, అందుకే చెప్తున్నాను. డేటాబేస్‌ల సంగతికొస్తే, తేదీల రేంజ్ పోస్ట్‌గ్రెస్‌లో 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఉంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రేంజ్‌కి ఇలా రోజుల లెక్క చెప్పడం కుదరదు. అక్కడ అన్ని తేదీలున్న క్యాలెండర్ టేబుల్ ఒకటి కట్టి, దానికి ధరల్ని లెఫ్ట్ జాయిన్ చేసి (ధర లేని తేదీలూ నల్‌తో మిగిలేలా), ఆ తర్వాత వరసలు లెక్కపెట్టుకోవాలి. ఏవరేజ్ నల్‌లను దాటేస్తుంది కాబట్టి లెక్క చెడదు.

ఇక ఎస్‌క్యూఎల్‌లో అందరూ పడే గుంట ఒకటుంది. ఆర్డర్ బై రాసి, ఎంత వెనక్కి పోవాలో చెప్పే ఫ్రేమ్ (పైన చెప్పిన రోస్ లేదా రేంజ్) రాయడం మరిచిపోతే మొదటి వరస నుంచి ఇప్పటిదాకా మొత్తం సగటు వస్తుంది. గీత నున్నగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అది మూవింగ్ యావరేజ్ కాదని ఎవరూ పసిగట్టరు.

ఇన్ని చెప్పాక కూడా నా ఓటు ఎస్‌క్యూఎల్‌కే. కారణం గుంటూరు ఒక్కటే కాకుండా ఖమ్మం, వరంగల్ ఏనుమాముల కూడా ఒకే టేబుల్‌లో ఉన్నప్పుడు తెలుస్తుంది. ఏ మార్కెట్‌కి ఆ మార్కెట్, ఏ తేదీ క్రమంలో, ఎంత వెనక్కి, ఈ మూడూ ఎస్‌క్యూఎల్‌లో ఒకే బ్రాకెట్లో పక్కపక్కనే కనిపిస్తాయి, జవాబు కూడా ఏ వరసది ఆ వరస పక్కనే కూర్చుంటుంది. పాండాస్‌లో గ్రూప్‌బై చేసి రోలింగ్ పెడితే జవాబు మార్కెట్ల వారీగా మళ్లీ పేర్చుకుని, రెండంతస్తుల ఇండెక్స్‌తో (వరసల గుర్తులతో) వస్తుంది. దాన్ని పాత టేబుల్‌లో కాలమ్‌గా అతికించబోతే ఎర్రర్ వస్తుంది. విసుగొచ్చి చివర్న, ఆ గుర్తులు వదిలేసి అంకెలే ఇచ్చే వాల్యూస్ తగిలించామా, ఎర్రర్ పోతుంది, ఖమ్మం సగటు గుంటూరు పక్కకి చేరుతుంది. ముందే టేబుల్‌ని మార్కెట్, తేదీ క్రమంలో సార్ట్ చేసి ఉంటేనే అది సరిపోతుంది. ఈ తప్పు నేను వేరేవాళ్ల కోడ్‌లో చూసినన్నిసార్లు ఇంకే తప్పూ చూడలేదు.

ఇంకొకటి. ఒకే రోజు తేజ, 334, బ్యాడిగి మూడు వరసలుగా ఉంటే ఏడు వరసలు రెండున్నర రోజులు కూడా కాదు. రేంజ్ అయితే ఒకే తేదీ ఉన్న వరసలన్నిటినీ కలుపుకుంటుంది. అయినా పది టిక్కీలొచ్చిన (టిక్కీ అంటే మిర్చి బస్తా) రకానికీ పదివేల టిక్కీలొచ్చిన రకానికీ ఒకే విలువ ఇచ్చే సగటు దేనికి? ధరని రాకతో (యార్డుకి వచ్చిన సరుకుతో) గుణించి ఒక సమ్, రాక మీద ఇంకో సమ్, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఎస్‌క్యూఎల్‌లో విండోకి ఒకసారి పేరు పెట్టుకుంటే రెండు సమ్‌లకీ అదే పేరు వాడొచ్చు. పాండాస్‌లో గుణకారానికి వేరే కాలమ్, రోలింగ్ సమ్ రెండుసార్లు. కుదురుతుంది, కాకపోతే కాస్త చిందరవందర.

మిగతావాటి గురించి క్లుప్తంగా. పైథాన్‌లోనే ఉన్న లెక్కల లైబ్రరీ నంపైలో కాన్వాల్వ్‌కి తేదీలంటే తెలియదు, సేమ్ మోడ్‌లో అంచుల్లో సున్నాలు నింపి గీతని రెండు చివరలా పడేస్తుంది. పాండాస్‌లాంటిదే అయిన పోలార్స్‌లో తేదీల మీద నడిచే రోలింగ్ మీన్ బై ఉంది, ఇప్పటికే అది వాడేవాళ్లు మారాల్సిన పనిలేదు. ఆర్ భాషలో జూ ప్యాకేజీ రోల్‌మీన్ విండోని మధ్యలో పెడుతుంది, అలైన్ రైట్ అని చెప్పకపోతే రేపటి ధరలు ఇవాళ్టి సగటులోకి వచ్చేస్తాయి. ఎక్సెల్‌లో ఏవరేజ్ రాసి కిందికి లాగడం కూడా ఏడు వరసలే. ఫర్ లూప్‌తో సొంతంగా రాసుకోవడం, నేర్చుకునే దశలో బాగుంటుంది.

ఏది వాడినా సెలవు రోజుకి ధర సున్నా అని ఎక్కించి ఉందేమో ముందు చూసుకోండి. సున్నాలని నల్ చేయకపోతే పైన చెప్పినవేవీ పనికిరావు.

నా దగ్గరున్నవి సీఎస్‌వీ ఫైళ్లే. సర్వర్ ఏదీ పెట్టకుండా డక్‌డీబీ అనే చిన్న డేటాబేస్‌లో వాటి మీదే నేరుగా క్వెరీ నడిపి, సగటు పక్కన ఎన్ని రోజుల ధరలు కలిశాయో ఇంకో కాలమ్‌లో ఉంచుతున్నాను. గీత గీయడానికి మాత్రం ఆ ఫలితాన్ని పాండాస్‌లోకే తెచ్చుకుంటాను. బాబాయికి ఇప్పుడు గీతతో పాటు ఆ కౌంట్ కూడా వెళ్తోంది. మొన్న ఫోన్ చేసి, "రెండు రోజుల రేటే ఉంటే సగటెందుకు, ఆ రెండే చెప్పొచ్చు కదా" అన్నాడు. మిన్ పీరియడ్స్ 3 అక్కడి నుంచి వచ్చిందే.