ఉయ్యాల మీద చిలకల గుత్తి: రెండేళ్లు వాడాక

మా పాపకు రెండేళ్ల రెండు నెలలు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వెనక గదిని తన కోసం చేత్తో చేసినవాటితోనే అలంకరించాను. మొత్తం 640 రూపాయలు అయింది. చేసినవాటిలో సగం నిలవలేదు. అందుకే ఏది నిలిచిందో, ఏది ఎందుకు పోయిందో రాస్తున్నాను.

అన్నిటికన్నా బాగా పనికొచ్చింది ఉయ్యాల పైన వేలాడదీసే గుడ్డ చిలకల గుత్తి. పాత చీరల అంచులు, దర్జీ పక్కన పడేసే జాకెట్టు ముక్కలు చాలు. పాత జల్లెడకు వల తీసేసి, చట్రానికి గుడ్డ చుట్టి, పదకొండు చిలకలు వేలాడదీశాను. ఏడు నేను కుట్టాను, రెండు మా అత్తయ్య, రెండు పక్కింటి ఒడియా మావుసి (పిన్ని). మా బారసాల, వాళ్ల ఏకోయిశియా వేడుక రెండూ ఇరవై ఒకటో రోజునే కదా, ఆ రోజుకి అందేలా ముగ్గురం కూర్చుని కుట్టాం.

గుత్తి కట్టగానే వచ్చినవాళ్లందరూ ఎంత బాగుందో అన్నారు. పాప మాత్రం మూడో నెల వచ్చినా దానివైపు చూడదు, కిటికీ ఊచలవైపే చూస్తుంది. ఒక మధ్యాహ్నం ఉయ్యాల పక్కకు జరిపి, ఆ చోటే బొంత పరచుకుని వెల్లకిలా పడుకున్నాను. పైన చిలకలే లేవు! పదకొండు పొట్టల కింది కుట్లు, వేలాడే దారపు ముళ్లు, అంతే. రెక్కల మీద గంటలు గంటలు వేసిన గొలుసుకుట్టు నిలబడి చూసే మనకే కనిపిస్తుంది, పడుకున్న బిడ్డకు కాదు. ఆ రాత్రే అన్నీ విప్పేశాను. పొట్టలు వెడల్పు చేసి ఎరుపు, తెలుపు గళ్ల గుడ్డ వేశాను. రెక్కలు రెండు పక్కలకూ విప్పి, దారం తోకవైపు కట్టాను. అలా కడితే ముక్కు కిందికి వాలి, చిలక తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. మర్నాడు పాప వాటిని చూస్తూ కాళ్లు ఆడించింది. మీరు ఏం చేసినా కట్టేముందు ఒక్కసారి కింద పడుకుని చూడండి.

మొదటి రెండు నెలలకు గుత్తి అవసరమే లేదు. అప్పుడే పుట్టిన పిల్లలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే కంటికి కాస్త బాగా ఆనుతుంది, అంటే జానా బెత్తెడు. నలుపు, తెలుపు తేడా త్వరగా పట్టుకుంటారు. తెల్ల పంచె ముక్క మీద నల్ల గళ్లు కుట్టి, మెలకువగా ఉన్నప్పుడు చేత్తో పట్టుకుని చూపించేదాన్ని. "పురిటి గదిలో నలుపేమిటే అమ్మా" అన్నారు అత్తయ్య. "దిష్టికి అనుకోండి అత్తయ్యా" అన్నాను, ఒప్పుకున్నారు. ఖర్చు సున్నా.

పోయినవాటిలో కాగితం పూలు మొదటివి. మా మహేంద్రతనయ నది నిండుగా పారే వానల్లో ఇంట్లో ఏ కాగితమూ నిలవదు. ఎర్రమట్టి పూసిన అట్ట మీద బియ్యప్పిండితో ఝోటి, అంటే ఒడియావాళ్ల ముగ్గు వేశాను, చాలా అందంగా వచ్చింది, పది రోజుల్లో బొద్దింకలు కొరికేశాయి. తర్వాత అదే ముగ్గు ఎర్ర గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టాను. ఇప్పటికీ గోడ మీద ఉంది.

నన్ను భయపెట్టింది అద్దాల పని. చిలకల కళ్లకు చిన్న అద్దాలు జిగురుతో అంటించాను. ఒక రోజు పాప గుప్పిట పక్కన బొంత మీద ఒక అద్దం దొరికింది. ఒళ్లు చల్లబడింది. అప్పుడే అన్నీ పీకేసి కళ్లు నల్ల దారంతో కుట్టాను. పూసలు, గుండీలు, మెరుపుల పొడి ఏవీ వద్దు. మా ఊళ్లో పశువుల కొమ్ముతో చేసే కొంగ బొమ్మలంటే నాకు ప్రాణం, కానీ అవి అల్మారాలో ఉండాల్సినవి. మా ఆయన చట్రానికి వేద్దామని పాత ఎనామిల్ డబ్బా తీశారు, వద్దన్నాను. ఇంట్లో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది, ఆ డబ్బా అంతకన్నా పాతది.

లోపల కూరడానికి మొదట బూరుగు దూది వాడాను. ఉతికితే ఉండలు కట్టింది, ముక్కిన వాసన. ఇప్పుడు సన్నగా కత్తిరించిన నూలు పీలికలు. పదిహేను రోజులకోసారి సబ్బుతో ఉతుకుతాను, ఒక్క ఎండకే ఆరిపోతాయి. దారాలు జానెడు మించకూడదు. ఐదో నెలలో పాప చేతుల మీద లేవడం మొదలుపెట్టగానే గుత్తిని ఉయ్యాల మీంచి తీసి, అందనంత ఎత్తులో కిటికీ పైన కట్టాను. నిద్రపోయేటప్పుడు ఉయ్యాలలో బొమ్మలు, దిండ్లు ఏవీ ఉంచలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పాప కిటికీ కింద నిలబడి వేలు చూపిస్తుంది. మావుసి కుట్టిన రెండిటినీ ఒడియాలో శువా అంటుంది, మిగతావన్నీ చిలకలు. ఒక శువాకి తోక కుట్టు వదిలింది. ఈ ఆదివారం వచ్చి వేస్తానంది మావుసి.