స్వతంత్ర ఫిట్‌నెస్ శిక్షకులకు పనికొచ్చే బుకింగ్ యాప్
సొంతంగా శిక్షణ ఇచ్చేవారికి గిరాకీ అంతా తెల్లవారుజామున, సాయంత్రం వేళల్లోనే ఉంటుంది కాబట్టి, వ్యాపారం పెరిగేకొద్దీ ముందుగా కోత పడేది నిద్రకే. నేను వాడుతున్న ఈ బుకింగ్ యాప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది, రాత్రి చివరి తరగతికీ మర్నాడు మొదటి తరగతికీ మధ్య కనీస విరామాన్ని ముందే నిర్ణయించుకునే వీలు. పెద్దలకు కనీసం 7 గంటల నిద్ర అవసరం. ప్రయాణం, భోజనం కలుపుకుని నేను 10 గంటలు పెట్టుకున్నాను. రాత్రి 9 గంటలకు తరగతి ముగిస్తే, మర్నాడు ఉదయం 7 గంటలలోపు వేళలు క్లయింట్లకు అసలు కనిపించవు. మొహమాటానికి పోయి ఒప్పుకోవలసిన ఇబ్బంది తప్పింది.

ఇతరులకు వ్యాయామం చూపించడం సొంత సాధన కిందికి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాల బలానికి కేటాయించమంటోంది. ఆ సమయాన్నీ ఇందులో బుకింగ్‌లాగే నమోదు చేయవచ్చు.

ఆదాయ నివేదిక మాత్రం నిరాశపరిచింది. మొత్తం వసూళ్లు చూపుతుంది గానీ, ప్రయాణ సమయం కలిపి గంటకు ఎంత మిగిలిందో చెప్పదు. వ్యక్తిగత తరగతులు పెంచాలా, చిన్న బృందాలకు మారాలా అన్నది తేలేది ఆ లెక్కతోనే. అది చేర్చే వరకు నేనిచ్చేది 5కు 4 మార్కులు.