థైమోమానా, థైమిక్ కార్సినోమానా?

రెండూ గడ్డలే, ఛాతీ ఎముక వెనకుండే థైమస్ గ్రంథి ఎపిథీలియల్ (పొరలా అల్లుకునే) కణాల్లోంచే పుడతాయి. కానీ గడ్డను కోసి చూస్తే పోలికే ఉండదు. థైమోమాను తెల్లటి నారపట్టీలు గళ్లుగా విడదీస్తాయి, చాలాసార్లు చుట్టూ తొడుగు కూడా ఉంటుంది. కార్సినోమాలో ఆ గళ్లు కనబడవు. గట్టిగా, మధ్యమధ్య చచ్చిన కణజాలంతో, పక్కవాటిలోకి చొరబడి ఉంటుంది.

మైక్రోస్కోపు కింద అసలు సాక్షులు లింఫోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. థైమోమాలో టీడీటీ (ఎదగని లింఫోసైట్లలో ఉండే ఎంజైమ్) పాజిటివ్ అయిన, ఇంకా ఎదగని టీ కణాలుంటాయి: థైమోమా రకాల్లో టైప్ ఏలో దాదాపు కనబడవు, బీ1లో కిక్కిరిసి ఉంటాయి. కార్సినోమాలో మామూలుగా ఉండవు. కార్సినోమా స్క్వేమస్ (చదునైన కణాల) రకమైతే సీడీ5, సీడీ117 అనే ప్రోటీన్ల స్టెయిన్లు ఎక్కువగా పాజిటివ్ వస్తాయి, ఊపిరితిత్తి నుంచి పాకిన క్యాన్సర్ కాదని చెప్పడానికి ఇవే ఆసరా.

పొరపాటంతా సూది బయాప్సీలోనే. బీ1ను చూసి టీ లింఫోబ్లాస్టిక్ లింఫోమా (ఎదగని టీ కణాల క్యాన్సర్) అనేస్తారు, ఎందుకంటే టీడీటీ రెండింటిలోనూ పాజిటివే. ఎపిథీలియల్ కణాల్లోని ప్రోటీన్‌ను చూపే సైటోకెరటిన్ స్టెయిన్ వేస్తే థైమోమాలో ఎపిథీలియల్ కణాల వల బయటపడుతుంది. అది వేయకుండా రిపోర్టు రాయడం తొందరపాటే.

మయస్థీనియా గ్రావిస్ (కండరాలు త్వరగా నీరసించే జబ్బు) ఉంటే థైమోమా వైపే మొగ్గాలి, కార్సినోమాలో అది అరుదు. 1999 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ కార్సినోమాను 'టైప్ సి' అంది, 2004లో ఆ పేరు తీసేశారు. మంచి పని చేశారు, అది థైమోమాలో మరో మెట్టులా వినిపించేది.

హైదరాబాద్‌లో రెండో అభిప్రాయానికి నిమ్స్‌కో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లేవాళ్లు స్లైడ్లతోపాటు పారాఫిన్ బ్లాకులూ (కణజాలాన్ని మైనంలో పొదిగిన దిమ్మలు) తీసుకెళ్లాలి. కొత్త స్టెయిన్లకు ముక్కలు కోసేది వాటిలోంచే.