సీ ప్రోగ్రాము నుంచి రిమోట్ సర్వర్‌పై కమాండ్లు: లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్ లైబ్రరీ సమీక్ష

సీ ప్రోగ్రాము నుంచి మరో సర్వర్ మీద ఏదైనా కమాండు నడపవలసి వస్తే, పీఓపెన్ ఫంక్షన్‌కు (ప్రోగ్రాము లోపలి నుంచి కమాండు నడిపేది) ఎస్‌ఎస్‌హెచ్ (మరో యంత్రానికి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) కమాండును ఒక స్ట్రింగుగా ఇచ్చేయడం నాకు చాలాకాలం అలవాటు. ఆ స్ట్రింగును ముందు మన యంత్రంలోని షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము), తరువాత అవతలి యంత్రంలోని షెల్ విడదీసి చదువుతాయి కనుక, ఫైలు పేరులో ఒక్క ఖాళీ ఉన్నా కమాండు అర్థం మారిపోతుంది. పైగా 255 అనే విలువ తిరిగి వస్తే, కనెక్షనే కుదరలేదో, అవతలి కమాండే ఆ విలువతో ముగిసిందో తేల్చుకోలేము. ఈ చిక్కుల వల్లనే, సీ ప్రోగ్రాము నుంచే నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ నడిపే లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్ లైబ్రరీ వైపు వచ్చాను.

ఇందులో సెషన్ (సర్వర్‌తో కనెక్షన్) తెరవడం, లాగిన్ కావడం, ఛానల్ (ఆ కనెక్షన్ లోపలి ఒక దారి) తెరవడం, కమాండు పంపడం వేరువేరు ఫంక్షన్లు కావడంతో పని ఎక్కడ ఆగిందో వెంటనే తెలుస్తుంది. మన వైపు షెల్ బెడద పూర్తిగా పోతుంది. అవతలి వైపు మాత్రం సర్వర్ సాధారణంగా ఆ యూజరు షెల్ ద్వారానే కమాండును నడుపుతుంది కాబట్టి అక్కడి కొటేషన్ గుర్తుల జాగ్రత్త తప్పదు. 2006లో వెలువడిన ఎస్‌ఎస్‌హెచ్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4254 ప్రకారం ఒక ఛానల్‌లో ఒక్క కమాండే నడుస్తుంది. అందువల్ల ఒక ఛానల్‌లో సీడీ (డైరెక్టరీ మార్చే కమాండు) చేసి, తరువాతి ఛానల్ అదే డైరెక్టరీలో మొదలవుతుందని ఆశించకూడదు. అయితే ఒకే సెషన్ మీద మళ్ళీ లాగిన్ లేకుండా ఎన్నో ఛానళ్ళు తెరవవచ్చు. వరుసగా పది కమాండ్లు నడపవలసిన చోట ఈ సౌకర్యం విలువ బాగా తెలిసివస్తుంది. మామూలు అవుట్‌పుట్‌నూ, ఎర్రర్ అవుట్‌పుట్‌నూ విడివిడిగా చదువుకోవచ్చు.

నన్ను కలవరపెట్టే విషయం ఒకటుంది. కనెక్ట్ ఫంక్షన్ విజయవంతమైనంత మాత్రాన మనం చేరింది సరైన సర్వరేనని అర్థం కాదు. హోస్ట్ కీని (సర్వర్ గుర్తింపు కీ) నోన్ హోస్ట్స్ ఫైలుతో (తెలిసిన సర్వర్ల కీల జాబితా) పోల్చే ఫంక్షన్‌ను ప్రోగ్రామరే విడిగా పిలవాలి. మరచిపోతే ఏ హెచ్చరికా రాదు, ప్రోగ్రాము చక్కగానే నడుస్తుంది. నేను రాసిన మొదటి ప్రోగ్రాములో ఆ పిలుపు లేదు, కొన్ని వారాలపాటు గమనించనూ లేదు. కీ మారిందని ఫలితం వస్తే పని అక్కడితో ఆపేయాలి తప్ప, కొత్త కీని ప్రోగ్రామే తనంతట తాను నమోదు చేసుకోకూడదు. లాగిన్ కంటే ముందే ఈ తనిఖీ జరగాలి, ఎందుకంటే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే చోట అవతలిది నకిలీ సర్వర్ అయితే ఆ పాస్‌వర్డ్ నేరుగా మోసగాడి చేతికే అందుతుంది.

2018లో బయటపడిన లాగిన్ తప్పించుకునే లోపం (భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2018-10933) లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ భాగానిది; కమాండ్లు పంపే క్లయింటు ప్రోగ్రాములకు అది వర్తించదు. పేరు దాదాపు ఒకటే అయిన లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2 వేరే ప్రాజెక్టు, అందులో క్లయింటు భాగం మాత్రమే ఉంటుంది. దాని లైసెన్సు బీఎస్‌డీ (షరతులు తక్కువ), లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్‌ది ఎల్‌జీపీఎల్ (షరతులు ఎక్కువ). సోర్సు ఇవ్వని ఉత్పత్తిలో స్టాటిక్‌గా లింకు చేయదలచినవారు (అంటే లైబ్రరీని తమ ప్రోగ్రాము ఫైలులోనే కలిపేయదలచినవారు) ఆ తేడాను ముందే చూసుకోవాలి. నా పనికి ఆ అడ్డు లేదు గనుక, హోస్ట్ కీ తనిఖీని కనెక్షన్‌తో కలిపి ఒకే ఫంక్షన్‌లో చుట్టిపెట్టుకుని, లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్‌నే వాడుతున్నాను.