జాగ్రత్త: ‘అనోడైన్’ 1993 సీల్డ్ ఫస్ట్ ప్రెస్సింగ్ పేరుతో నకిలీ సీడీలు అమ్ముతున్నారు

అమెరికన్ రాక్ బృందం అంకుల్ టుపెలో 1993లో సైర్ రికార్డ్స్ ద్వారా విడుదల చేసిన ‘అనోడైన్’ సీడీని ఆన్‌లైన్‌లో విడి అమ్మకందారుల దగ్గర కొనదలచిన వారందరికీ ఈ హెచ్చరిక. ‘1993 ఫస్ట్ ప్రెస్సింగ్ (అంటే కంపెనీ మొదటిసారి అచ్చువేసినది), ఫ్యాక్టరీ సీల్ విప్పనిది’ అన్న వివరణతో నాకు అమ్మిన కాపీ ఏ కంపెనీలోనూ తయారైనది కాదు. ఎవరో కంప్యూటర్‌లో డిస్కు బర్న్ చేసి, అట్టలను కలర్ ప్రింటర్ మీద తీసి, పెట్టెలో సర్ది, పైన ప్లాస్టిక్ పొర బిగించి పంపిన నకలు అది. మామూలు పాత కాపీకి పలికే ధరకు మూడింతలు దానికి చెల్లించాను. ఇదే ఫొటోతో, ఇదే వివరణతో మరికొన్ని ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి కాబట్టి, ఏం జరిగిందో, అసలు కాపీని ఎలా గుర్తుపట్టాలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈ ఆల్బమ్ మీదే నకిలీలు ఎందుకు వస్తున్నాయో చెప్పాలి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ అనే ఊరి కుర్రాళ్లు జే ఫరార్, జెఫ్ ట్వీడీ మొదలుపెట్టిన ఈ బృందం, పాత కంట్రీ, జానపద పాటలను పంక్ రాక్ వేగంతో కలిపి పాడి పేరు తెచ్చుకుంది. మొదటి మూడు ఆల్బమ్‌లు 1990, 1991, 1992 సంవత్సరాల్లో రాక్‌విల్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చాయి. పెద్ద కంపెనీ ద్వారా వచ్చిన మొదటి ఆల్బమ్ ‘అనోడైన్’. అదే చివరిదీ అయింది. 1993 అక్టోబర్‌లో అది విడుదలైంది, 1994 మే 1న సెయింట్ లూయిస్‌లో బృందం తన ఆఖరి కచేరీ చేసి విడిపోయింది. తరువాత ట్వీడీ విల్కోను, ఫరార్ సన్ వోల్ట్‌ను స్థాపించారు. ఆ రెండు బృందాల అభిమానులూ వెనక్కి వెళ్లి ఈ ఒక్క ఆల్బమ్ దగ్గర కలుస్తారు. అందుకే తొలి ముద్రణ కాపీ మీద ఆసక్తి ఇన్నేళ్లయినా తగ్గలేదు, ఆ ఆసక్తినే మోసగాళ్లు సొమ్ము చేసుకుంటున్నారు.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇలాంటి సీడీలు ఇక్కడి దుకాణాల్లో దొరకవు కనుక, మనలో చాలామంది చేసేటట్టుగానే, అమెరికాలోని అమ్మకందారు దగ్గర కొని డాలస్ దగ్గర ఉంటున్న మా తమ్ముడి చిరునామాకు పంపించాను. తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు తీసుకువచ్చాడు. పెట్టె చూడగానే అట్ట మీది చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టు అనిపించాయి. పొర విప్పి డిస్కును తిప్పి చూస్తే అడుగు భాగం వెండి రంగులో లేదు, నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంది. ప్లేయర్‌లో పెట్టగానే తెర మీద 17 పాటలని వచ్చింది. పెట్టె వెనుక అట్ట మీద మాత్రం 12 పాటలే ఉన్నాయి.

నకిలీ అనడానికి ఈ తేడా ఒక్కటే చాలు. 1993లో వచ్చిన ఆల్బమ్‌లో 12 పాటలే ఉన్నాయి: ఫరార్ రాసినవి ఆరు, ట్వీడీ రాసినవి అయిదు, టెక్సస్ గాయకుడు డగ్ సామ్ రాసి, స్వయంగా వచ్చి గొంతు కలిపినది ఒకటి. మరో అయిదు పాటలు ఈ ఆల్బమ్‌కు చేరింది 2003లో, రైనో సంస్థ దాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు. అంటే, నాకు డిస్కు తయారుచేసి పంపినవాడు 2003 నాటి కూర్పు ఫైళ్లను ఎక్కడో సంపాదించి, 1993 నాటి అట్ట బొమ్మను వాటికి జతచేశాడు. పదేళ్ల తరువాత చేరిన పాటలు 1993లో సీల్ చేసిన పెట్టెలో ఉండే అవకాశమే లేదు.

అమ్మకందారుకు ఫొటోలతో సహా రాశాను. మొదట జవాబు లేదు. రెండోసారి రాశాక, ‘ఇది వేరే దేశం ఎడిషన్, అందుకే తేడాలుంటాయి’ అన్నాడు. ఏ దేశం ఎడిషనో, దాన్ని ఏ ప్లాంటులో తయారుచేశారో అడిగితే, వస్తువు అందిన తరువాత గడువు దాటిపోయిందని, వాపసు తీసుకోవడం కుదరదని రాసి ఊరుకున్నాడు. అమ్మకాల వేదిక వారు కూడా గడువు మాటే చెప్పారు. ఆ గడువు పార్సిల్ తమ్ముడి ఇంటికి చేరిన రోజు నుంచి లెక్క; నేను విప్పి చూసిన రోజు నుంచి కాదు. విదేశాల్లో ఉన్న అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల, స్నేహితుల చిరునామాలకు వస్తువులు తెప్పించుకునే తెలుగువాళ్లందరూ దయచేసి ఈ సంగతి గమనించాలి. పార్సిల్ చేరిన రోజే వాళ్ల చేత విప్పించి, డిస్కు రెండు వైపులా ఫొటోలు తీయించి, వీడియో కాల్‌లో ప్లేయర్‌లో పెట్టించి చూసుకోండి. సీల్ విప్పితే విలువ తగ్గుతుందని సంకోచించకండి. నకిలీ అయితే ఆ సీల్‌కు విలువే లేదు. ఇప్పుడు నాకు కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు పెట్టి ఎదురుచూస్తున్నాను. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్‌ను కొన్న రోజే భద్రపరచుకోవడం వల్ల ఆ ఫిర్యాదుకు కనీసం ఆధారం మిగిలింది. అమ్మకం పూర్తయ్యాక వాడు వివరణ మార్చేశాడు.

కొనేముందు చూడవలసినవాటిలో నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది డిస్కు మధ్య రంధ్రం చుట్టూ ఉండే లోపలి వలయం. కంపెనీలో అచ్చుపోసిన సీడీకి అక్కడ కేటలాగ్ అంకెలు, ప్లాంటు గుర్తులు చెక్కినట్టుగా కనిపిస్తాయి. బర్న్ చేసిన డిస్కుకు అక్కడ ఏమీ ఉండదు, లేదా ఖాళీ డిస్కు తయారీదారు వేసిన వరుస సంఖ్య మాత్రమే ఉంటుంది. ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. నకిలీలను అరికట్టడానికి ఐఎఫ్‌పీఐ (రికార్డు కంపెనీల అంతర్జాతీయ సంఘం) అక్షరాలతో మొదలయ్యే చిన్న గుర్తింపు సంకేతాన్ని డిస్కుల మీద ముద్రించే పద్ధతి 1994లో మొదలైంది. కాబట్టి 1993 అక్టోబర్‌లో అచ్చయిన కాపీ మీద ఆ సంకేతం ఉండదు. అది ఉన్న డిస్కు తరువాతి సంవత్సరాల్లో కంపెనీయే మళ్లీ అచ్చువేసినది కావచ్చు, పాటలు వినడానికి దానిలో ఏ లోపమూ లేదు, కానీ దాన్ని ఫస్ట్ ప్రెస్సింగ్ అని చెప్పి ఎక్కువ ధర అడిగితే అది తప్పుడు మాట. అలాగని సంకేతం లేకపోవడమే అసలైనదనడానికి రుజువు కాదు. నాకు వచ్చిన నకిలీ మీద కూడా అది లేదు. వలయం మీది అచ్చు, అడుగు భాగపు వెండి రంగు, పాటల సంఖ్య, ఈ మూడూ కలిసి సరిపోవాలి.

సీల్ చేసిన పెట్టెలో వీటిని చూడడం వీలుకాదు, మోసగాడి ధైర్యం కూడా అదే. పెట్టె మీద ప్లాస్టిక్ పొర బిగించే యంత్రాలు ఎవరైనా కొనుక్కోగలిగినవే. అందుచేత సీల్డ్ అన్న మాటకు ప్రత్యేకంగా డబ్బు పెట్టవద్దని నా సలహా. విప్పి, వాడి, జాగ్రత్తగా దాచుకున్న కాపీకి డిస్కు అడుగు భాగం, లోపలి వలయం, వెనుక అట్ట ఫొటోలు అడిగి తెప్పించుకుని కొనడం ఎంతో క్షేమం. ఫొటోలో పక్కనే ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టమనండి. నిజాయితీగల అమ్మకందారులు ఇందుకు విసుక్కోరు. నా ప్రకటనలో ఉన్నది ఇంటర్నెట్‌లో అందరికీ దొరికే అట్ట బొమ్మ ఒక్కటే.

ఫొటోలు ఎలాగో సంపాదించాక అట్ట అచ్చును పెద్దది చేసి చూడండి. అసలు అచ్చులో బొమ్మ చుక్కలుగా ఉన్నా అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. స్కాన్ చేసి ప్రింటు తీసినదానిలో అక్షరాలు కూడా చుక్కల్లో కలిసిపోయి మసకగా కనిపిస్తాయి. డిస్కు పైభాగంలో ముద్రణ నేరుగా ప్లాస్టిక్ మీద ఉందా, లేక కాగితం అంటించారా అన్నది కూడా ఫొటోలోనే తెలిసిపోతుంది.

‘పాటలు వినిపిస్తున్నాయి కదా, నకలైతే ఏం’ అని ఒక మిత్రుడు అడిగాడు. ఈ ఆల్బమ్ విషయంలో ఆ మాట అస్సలు చెల్లదు. 1993 వేసవిలో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, సెడార్ క్రీక్ స్టూడియోలో, బ్రయాన్ పాల్సన్ నిర్మాణంలో ఈ పాటలను రికార్డు చేశారు. డ్రమ్స్ మీద కెన్ కూమర్, బేస్ మీద జాన్ స్టిరాట్, ఫిడేలు, బాంజో వాయిద్యాల మీద మ్యాక్స్ జాన్‌స్టన్ కొత్తగా చేరగా, అయిదుగురూ ఒకే గదిలో కలిసి వాయించారు. విడివిడిగా వాయించి తరువాత అతికించే ఓవర్‌డబ్ పద్ధతిని వదిలేశారు. అతిథిగా వచ్చిన లాయిడ్ మేన్స్ పెడల్ స్టీల్ గిటార్ మీటితే ఆ తీగల నాదం గదిలో నెమ్మదిగా సన్నబడడం, ఫిడేలు కమాను రాపిడి, డ్రమ్స్ తాళాల చివరి కంపనం, ఇవన్నీ ఆ రికార్డింగ్‌లో ప్రాణంగా నిలిచాయి. నా నకిలీ డిస్కులో సరిగ్గా అవే మాయమయ్యాయి. తాళాల ధ్వని బుసబుసమంటోంది, ఫిడేలు మొద్దుబారింది. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ధ్వని పటం (ఏ స్థాయి వరకు ధ్వని ఉందో చూపే చిత్రం) తీసి చూస్తే కారణం తెలిసింది: 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ధ్వని తెగిపోయింది. సీడీలో దాదాపు 22 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని నిలుస్తుంది. 128 కిలోబిట్ ఎంపీ3 ఫైళ్లలో సాధారణంగా ఆ 16 దగ్గరే పై భాగాన్ని కత్తిరిస్తారు. అంటే, ఎవరో కుదించిన ఎంపీ3లను తిరిగి సీడీ రూపంలోకి మార్చి అమ్మారు. పైగా, బర్న్ చేసిన డిస్కులోని రంగు పూత కాలక్రమంలో వెలిసిపోయి పాటలు ఆగిపోయే ప్రమాదం ఉంది.

నాకు దీనిలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి మరొకటి. ఈ బృందం సభ్యులు తమ తొలి మూడు ఆల్బమ్‌ల రాయల్టీల కోసం పాత సంస్థ మీద కోర్టుకు వెళ్లి, హక్కులను తిరిగి సంపాదించుకున్నారు. ఆ తరువాతే 2003లో ఆ మూడూ అదనపు పాటలతో మళ్లీ వెలువడ్డాయి. తమ శ్రమకు తగిన ఫలం కోసం అంత పోరాడిన వాళ్ల పేరు మీద ఎవరో గదిలో కూర్చుని డిస్కులు బర్న్ చేసి ధనం చేసుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం నాకు సాధ్యం కావడం లేదు.

పాటలు శ్రద్ధగా వినడమే మీ ఉద్దేశమైతే, 1993 అన్న సంవత్సరం కోసం వెతకకుండా 2003 నాటి రైనో కాపీని, పేరున్న దుకాణం నుంచి తీసుకోండి. 12 పాటలూ అందులో ఉన్నాయి, అదనపు అయిదూ ఉన్నాయి, మంచి కాపీలు సహేతుకమైన ధరకే దొరుకుతాయి. తొలి ముద్రణే కావాలనుకునే సేకర్తలు మాత్రం పైన రాసిన ఫొటోలు లేకుండా ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

ప్రస్తుతం తిరుగుతున్న ప్రకటనలను గుర్తుపట్టడానికి: ఒకే ఒక్క ముందు అట్ట బొమ్మ, దానికి నీడ కూడా ఉండదు, ‘పాత దుకాణం మూసివేతలో దొరికిన నిల్వ’ అన్న వాక్యం, ఒకటి కాదు, అనేక కాపీలు అందుబాటులో ఉన్నట్టు చూపించడం, పాటల సంఖ్య ఎక్కడా రాయకపోవడం. అమ్మకందారు ఖాతా పేరు మారుతోంది, ఆ వాక్యం మాత్రం మారలేదు. కనిపించిన చోటల్లా ఆ వేదిక వారికి నకిలీ వస్తువు అన్న విభాగం కింద ఫిర్యాదు చేయండి. ఇప్పటికే ఇలాంటి కాపీ కొన్నవారు ఎవరైనా ఉంటే, డిస్కు లోపలి వలయం ఫొటో ఇక్కడ పెట్టండి, ఫిర్యాదులన్నిటినీ కలిపి పంపుదాం.