2024 లోక్‌సభ ఫలితాల వెబ్‌సైట్‌తో ఓటరును చదవగలమా?

ఓట్ల లెక్కింపు రోజైన 2024 జూన్ 4న ఎన్నికల సంఘం ఫలితాల వెబ్‌సైట్‌ను తెరిచినవారిలో ఎక్కువమందికి కావలసింది ఒక్కటే: ఎవరు ఎంత ఆధిక్యంలో ఉన్నారు. ఆ అవసరానికి ఇంతకంటే సూటిగా ఉండే సేవ మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే హడావిడి సద్దుమణిగాక, ఓటరు ఎందుకు అలా తీర్పు ఇచ్చాడో తెలుసుకోవాలనుకునేవారికి ఈ వెబ్‌సైట్, దానితోపాటు సంఘం తర్వాత విడుదల చేసిన గణాంక నివేదికలు ఎంతవరకు ఉపయోగపడతాయన్నదే ఈ సమీక్ష.

నియోజకవర్గం పేజీలో ప్రతి అభ్యర్థికీ ఈవీఎం ఓట్లు, పోస్టల్ ఓట్లు, మొత్తం, శాతం విడివిడిగా కనిపిస్తాయి. వీటిలో చాలామంది దాటేసే పోస్టల్ ఓట్ల వరుసే నాకు విలువైనదిగా తోస్తుంది. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు, సైనికులు, ఇంటివద్ద ఓటు వేసిన 85 ఏళ్లు పైబడిన వృద్ధులు, దివ్యాంగులు అందులో ఉంటారు కనుక, ఓటరు ఎవరో కొంతైనా తెలిసేది ఆ ఒక్క వరుసలోనే. నోటాకు కూడా అభ్యర్థితో సమానంగా వరుస ఇవ్వడం బాగుంది. కాంగ్రెస్ అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్న ఇండోర్‌లో నోటాకు 2,18,674 ఓట్లు పడి రెండో స్థానంలో నిలిచిందన్న సంగతి ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఆ పట్టికే చెబుతుంది.

చిక్కు రాష్ట్ర స్థాయి ఓట్ల శాతం దగ్గర మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ ఫలితాల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.61 శాతం, తెలుగుదేశానికి 37.79 శాతం, భాజపాకు 11.28 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం వరుసగా 4, 16, 3. ఇంకా విచిత్రమేమిటంటే, 2019లో 40.19 శాతం ఓట్లతో మూడు స్థానాలే గెలిచిన తెలుగుదేశం, ఓట్ల శాతం తగ్గిన తర్వాత పదహారు గెలిచింది. ఈ అంకెలను మాత్రమే చూసిన బయటి పాఠకుడు ఆ పార్టీ బలం తగ్గిందనీ, ఏదో అదృష్టం కలిసివచ్చిందనీ అనుకుంటే అతడిని తప్పుపట్టలేము. అసలు సంగతి ఏమిటంటే, వైఎస్సార్ కాంగ్రెస్ మొత్తం 25 స్థానాల్లో నిలబడగా, పొత్తులో భాగంగా తెలుగుదేశం 17, భాజపా 6, జనసేన 2 స్థానాల్లో మాత్రమే పోటీచేశాయి; తెలుగుదేశం, భాజపాల ఓట్లు కూడితేనే 49 శాతం దాటుతుంది, మచిలీపట్నం, కాకినాడల్లో జనసేనకు పడినవి దానికి అదనం. సంఘం లెక్కలో పార్టీకే గుర్తింపు ఉంది తప్ప పొత్తుకు లేదు. చట్టపరంగా అది సమంజసమే కావచ్చు. కానీ ఏ పార్టీ ఎన్ని స్థానాల్లో పోటీచేసిందన్న అంకెను ఓట్ల శాతం పక్కనే చూపినా ఈ అపోహ సగం తొలగిపోతుంది. అంతవరకు పక్కన కాగితం, కలం పెట్టుకుని కూడుకోవలసిందే.

తెలంగాణ లెక్క మరో రకమైన ఉచ్చు. 2023 శాసనసభ ఎన్నికల్లో భారాసకు 37.35 శాతం, భాజపాకు 13.90 శాతం ఓట్లు రాగా, ఆరు నెలలు తిరగకుండానే జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో అవి 16.68, 35.08 శాతాలయ్యాయి. కాంగ్రెస్ 39.40 నుంచి 40.10కి చేరి దాదాపు ఉన్నచోటే ఉంది. ఒక పార్టీ కోల్పోయినది, మరొక పార్టీ పొందినది ఇంచుమించు సమానం కావడంతో, ఒక కుండలోని నీళ్లు ఇంకొక కుండలోకి ఒంపినట్టు భారాస ఓటు భాజపాకు వెళ్లిందన్న మాట స్థిరపడిపోయింది. అందులో నిజం ఉండవచ్చు. కానీ పట్టిక చూపేది నికర మార్పునే. కాంగ్రెస్ ఓటర్లలో కొందరు భాజపా వైపు, భారాస ఓటర్లలో కొందరు కాంగ్రెస్ వైపు వెళ్లినా ఇవే అంకెలు వస్తాయి. పైగా శాసనసభకు 70 శాతం దాటిన పోలింగ్ లోక్‌సభకు 66 శాతం లోపే ఉంది. ఇంట్లో ఉండిపోయినవారు ఏ పార్టీవారో ఏ వరుసా చెప్పదు. ఆ ప్రశ్నకు ఓటరునే అడిగి తెలుసుకునే సీఎస్‌డీఎస్–లోక్‌నీతి వంటి సర్వేల దగ్గరకు వెళ్లాలి.

జాతీయ స్థాయి మొత్తాలదీ ఇదే తీరు. భాజపా ఓట్లు 2019 నాటి 37.36 శాతం నుంచి 36.56కు, అంటే ఒక శాతంలోపే తగ్గితే, సీట్లు 303 నుంచి 240కి పడిపోయాయి. ఉత్తరప్రదేశ్‌లో తగ్గిన ఓట్లు సీట్లను తీసుకుపోగా, తమిళనాడులో పెరిగిన ఓట్లు ఒక్క సీటునూ తేలేదు. కాబట్టి ఈ సేవను వాడేవారు మొదటి పేజీతో ఆగకుండా రాష్ట్రాల పేజీలకు వెళ్లాలి.

2024 డిసెంబరులో సంఘం విడుదల చేసిన గణాంక నివేదికలకు మాత్రం మంచి మార్కులు వేస్తాను. లోక్‌సభ ఎన్నికలపైనే 42 నివేదికలున్నాయి. పురుషుల పోలింగ్ 65.55 శాతం, మహిళలది 65.78 శాతం అన్న వివరం సరిగ్గా దొరికేది అక్కడే.

ఇంకా లోతుకు వెళ్లాలంటే పోలింగ్ కేంద్రాలవారీ ఓట్లుండే ఫారం 20 కావాలి. అది ఈ వెబ్‌సైట్‌లో కాక రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో, చాలాచోట్ల స్కాన్ చేసిన పేజీలుగా ఉంటుంది కనుక, అంకెలను మళ్లీ చేత్తో ఎక్కించుకునే ఓపిక ఉన్నవారికే అది పనికొస్తుంది. పరిశోధకులకంటే ఊళ్లోని నాయకులే దాన్ని ఎక్కువ శ్రద్ధగా చదువుతారన్నది మనకు తెలియనిది కాదు. ఏ వాడ మోసం చేసిందో ఒక్క చూపులో తేల్చేస్తారు. అలా తేలిన వాడపై కక్ష తీర్చుకుంటారన్న భయంతోనే, కొన్ని కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రాన్ని సంఘం 2008లో ప్రతిపాదించింది. అది అమలులోకి రాలేదు; విశ్లేషకుడికి అక్కరకొచ్చే ఆ బూత్ లెక్క వాడలోని ఓటరుకు మాత్రం ఇప్పటికీ గుబులే.