వార్డు కమిటీల్లో మీ బస్తీ మనిషి ఉన్నాడా? నల్లగొండ, పాలమూరు పట్టణాల నియామకాలపై సమీక్ష

తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కోదాంట్లో 15 మంది, మొత్తం 60. 2020 ఎన్నికల నాటికి నల్లగొండలో 48 వార్డులు, మహబూబ్‌నగర్‌లో (పాలమూరులో) 49. అంటే ఆ లెక్కన ఈ రెండు పట్టణాల్లోనే 5,820 మందికి చోటు. ఏ మోరీ ముందు తీయాలి, ఏ స్తంభానికి దీపం లేదు, చెత్తబండి ఏ గల్లీలోకి రావట్లేదు అని చెప్పాల్సింది వీళ్లే.

చట్టానికి 5కి 4 ఇస్తాం. నియామకాలు జరిగే తీరుకు 2 మించి ఇవ్వలేం.

అసలు లోపం వర్గీకరణలోనే ఉంది. ఈ నాలుగు కమిటీలు వయసు చూస్తాయి, ఆడా మగా చూస్తాయి, పేరు ప్రతిష్ఠలు చూస్తాయి. మనిషి ఏ బస్తీలో ఉంటాడో చూడవు. దాంతో 60 పేర్లూ మెయిన్ రోడ్డు పక్క కాలనీ నుంచే వచ్చినా కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉంటాయి. మోరీ పొంగేది మాత్రం వెనక గుడిసెల్లో. ‘ప్రముఖ పౌరులు’ కమిటీ మరీ బలహీనం. ప్రముఖులంటే రిటైర్డ్ అధికారి, డాక్టరు, వ్యాపారి అనే లెక్క నడుస్తోంది. అడ్డా కూలీల మేస్త్రీ, చీపురు పట్టే కార్మికురాలు, వెల్డింగ్ షాపు నడిపే ఆయన ఆ మాటలో ఇమడరు. వార్డు గురించి ఎక్కువ తెలిసింది వాళ్లకే.

దీనికి మందు కష్టమైనదేం కాదు. పేర్లు రాయడానికి ముందే సీట్లు పంచాలి. పోలింగ్ కేంద్రాల వారీ ఓటరు జాబితా, ఇంటిపన్ను రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని ఏ బస్తీలో ఎన్ని ఇళ్లున్నాయో తీయండి. ఉదాహరణకు వార్డులో 900 ఇళ్లు అనుకుందాం: సొంతిళ్ల కాలనీలో 300, కిరాయి వరసల్లో 420, గుడిసెల్లో 180. అప్పుడు 60లో 20, 28, 12 సీట్లు. కమిటీకి 15 లెక్కన చూస్తే 5, 7, 3. ఈ అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టాకే దరఖాస్తులు తీసుకోవాలి. పేర్లు వచ్చాక లెక్కలు మొదలుపెడితే పైరవీదే పైచేయి. ఇళ్లు లెక్కించేటప్పుడు పన్ను రిజిస్టరు ఒక్కదాన్నే నమ్మితే పట్టా లేని గుడిసెలు జారిపోతాయి. ఓటరు జాబితా పక్కన ఉండాల్సింది అందుకే.

రెండో జబ్బు ఇంటిపేరు జబ్బు. కొడుకు యువత కమిటీలో, భార్య మహిళల కమిటీలో, తండ్రి వృద్ధుల కమిటీలో. దరఖాస్తులో ఇంటి నంబరు గడి పెట్టి, ఇంటికి ఒక్కరే అన్న నియమం రాస్తే చాలావరకు ఆగుతుంది. మహిళలకు విడిగా కమిటీ ఉంది కదా అని మిగతా మూడింటినీ మగవాళ్లతో నింపడం ఇంకో పొరపాటు. అలా చేస్తే 60 మందిలో ఆడవాళ్లు పావు వంతే.

కబురు అందకపోతే ఏ నియమమూ పనిచేయదు. కార్యాలయం గోడకు తెలుగు నోటీసు అంటించి ఊరుకుంటే చూసేది అక్కడికొచ్చేవాళ్లే. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష, కాబట్టి మహబూబ్‌నగర్‌లో నోటీసు ఆ భాషలోనూ ఉండాలి. లంబాడా కుటుంబాలున్న వాడల్లో వాళ్ల మాట వచ్చినవాళ్లతో చాటింపు వేయించాలి. అడ్డా మీద పొద్దున ఆరింటికి, మసీదు దగ్గర శుక్రవారం నమాజు తర్వాత, చర్చి దగ్గర ఆదివారం చెప్పాలి. దరఖాస్తుకు ఓటరు కార్డు జిరాక్సు చాలు. కుల, ఆదాయ సర్టిఫికెట్లు అడిగితే మీసేవ చుట్టూ తిరగలేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. పాలమూరు వైపు వలస కాలంలో పేర్లు పిలిస్తే వలసపోయిన ఇల్లు జాబితాలో ఉండదు. వాళ్లు ఊళ్లో ఉండే వానాకాలమే సరైన అదను.

సమావేశం ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా నియామకంలో భాగమే. పగలు పదకొండింటికి పెడితే కూలీ మనిషి రోజు కూలి పోగొట్టుకుని రావాలి. సాయంత్రం పెట్టండి. మేడ మీద గదిలో పెట్టకండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు వంగిపోయిన పెద్దలున్న జిల్లా నల్లగొండ. వాళ్లు మెట్లెక్కలేరు.

పోల్చి చూస్తే వీధి వ్యాపారుల చట్టం, 2014 మేలు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, అదీ తమలోంచి తామే ఎన్నుకున్నవాళ్లు. వాళ్లలో మూడో వంతు మహిళలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులకు తగిన చోటు ఉండాలని చట్టంలోనే ఉంది. ఎవరి కష్టం వాళ్ల నోటితోనే వచ్చే ఏర్పాటు ఇది. వార్డు కమిటీల్లో బస్తీ సీట్లకు ఇదే పద్ధతి వాడొచ్చు: గల్లీ జనం కూర్చుని చేతులెత్తి పేరు చెప్పాలి.

పల్లెల్లో, 2018 పంచాయతీరాజ్ చట్టం కింద ఎన్నిక లేకుండా పంచాయతీలోకి తీసుకునే కో-ఆప్షన్ సభ్యులు ముగ్గురు: ఒక రిటైర్డ్ ఉద్యోగి లేదా వయోవృద్ధుడు, మహిళా పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, ఊరికి విరాళమిచ్చిన దాత. సమాఖ్య సీటు వల్ల ఒక మహిళకు చోటు ఖాయం. దాత సీటు మాత్రం డబ్బున్నవాళ్లదే. కనీసం మొదటి సీటైనా పెన్షన్ లేని ముసలాయనకు, తండా పెద్దకు ఇవ్వొచ్చు. చట్టం అడ్డం రాదు.

మీ వార్డు సంగతి తేల్చుకోవాలంటే సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) ఉంది. కమిటీల వివరాలు, వాటి సమావేశాలకు జనం రావచ్చా, మినిట్స్ చూడొచ్చా అన్నవి అడగకముందే ప్రకటించాలని అది చెబుతుంది. ప్రకటించకపోతే పట్టణంలో 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, పేదరికపు రేఖ కింద ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. జవాబుకు గడువు 30 రోజులు. సభ్యుల ఇంటి నంబర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే వీలుంది. అందుకని పేరు, కమిటీ, బస్తీ, నియామక తేదీ ఇవి నాలుగే అడగండి. చివరి సమావేశం మినిట్స్ నకలు కూడా అదే కాగితం మీద కోరండి.